తెనాలి పెళ్లికి ఏ లెన్సు? సూర్యలంకకు ఏ కెమెరా?

"అన్నా, కానన్ తీసుకోమంటావా, నికాన్ తీసుకోమంటావా?"

తెనాలిలోనో బాపట్లలోనో ఫొటో స్టూడియో నడిపేవాళ్లను కదిపి చూడండి. ఈ ప్రశ్న వాళ్లకు కొత్త కాదు. అడిగేవాళ్లే రకరకాలు. ఇంజినీరింగ్ చదువుతూ సెలవుల్లో ప్రీ వెడ్డింగ్ షూట్లకు సాయం వెళ్లే కుర్రాడు. పొలం గట్ల మీద పిట్టల వెంట తిరిగే బడి పంతులు. ఆకుల మీద తెగుళ్లను ఫొటో తీసి ప్రాజెక్టుకు జతచేయాల్సిన బాపట్ల వ్యవసాయ కళాశాల విద్యార్థి. మనవరాలి ఓణీల వేడుకను తన చేత్తోనే తీయాలని ముచ్చటపడే తాతగారు. అందరి జేబులోనూ ఫోన్ ఉంది, అది ఇవ్వలేనిదేదో కావాలి. చేతిలో డబ్బు మాత్రం ఒక్క కిట్టుకే సరిపోతుంది. ఒకసారి తప్పటడుగు వేస్తే రెండో కెమెరా కొనడానికి ఏళ్లు పడుతుంది. అందుకే అంత మథనం.

ఈ రెండు కంపెనీల బాడీల మధ్య తేడా ఉంది గానీ, అది చిన్నది. ఒక లెన్సుకూ ఇంకో లెన్సుకూ మధ్య ఉన్న తేడా చాలా పెద్దది. డబ్బు ఆ పెద్ద తేడా ఉన్నచోటే పెట్టాలి. ఏ లెన్సు అన్నది మీరు నిలబడి తీసే చోటే చెబుతుంది. తెనాలి కల్యాణ మండపం ఒకటి చెబుతుంది, రేపల్లె పొలం ఇంకోటి చెబుతుంది.

రెండు పెట్టెల్లో ఏముంది?

మొదటి మెట్టు డీఎస్ఎల్ఆర్ అనగానే వినిపించే పేర్లు రెండు: కానన్ 1500డీ, నికాన్ డీ3500. రెండూ 2018లో వచ్చినవే. కానన్‌ది 24.1 మెగాపిక్సెళ్లు, నికాన్‌ది 24.2. ఈ అంకెల్లో గెలుపోటములు వెతకడం దండగ. రెండింట్లోనూ ఉన్నది ఏపీఎస్-సీ అనే చిన్న సైజు సెన్సారే.

తేడాలు వేరే చోట ఉన్నాయి. ప్రామాణిక పరీక్షలో నికాన్ బ్యాటరీ ఒక్క చార్జింగుకు 1550 ఫొటోలు ఇస్తుంది, కానన్‌ది 500. రాత్రి ముహూర్తానికి వెళ్లేవాళ్లకు ఇది మామూలు విషయం కాదు, కానన్ కొంటే రెండో బ్యాటరీ కూడా కొన్నట్టే లెక్క. సెకనుకు నికాన్ 5 ఫ్రేములు తీస్తుంది, కానన్ 3. నీడలో ఉన్న ముఖాన్ని తర్వాత కంప్యూటర్లో వెలుగులోకి తెచ్చుకోవాలంటే నికాన్ ఫైలు ఎక్కువ సాగుతుంది, మచ్చలు తక్కువ. కానన్‌కు వైఫై ఉంది, ఫొటోను అక్కడికక్కడే పూర్తి సైజులో ఫోనులోకి దించి బంధువుల గ్రూపులో పెట్టేయొచ్చు. నికాన్‌కు ఉన్నది బ్లూటూత్ మాత్రమే, 2 మెగాపిక్సెళ్లకు కుదించిన బొమ్మ వెళుతుంది. వాట్సాప్‌కు అదీ చాలనుకోండి. బయటి మైకు పెట్టుకునే రంధ్రం రెండింటికీ లేదు కాబట్టి యూట్యూబ్ వీడియోల మీద మనసున్నవాళ్లు ఈ రెండింటినీ పక్కన పెట్టి కానన్ 200డీ మార్క్ 2 వైపో, నికాన్ డీ5600 వైపో చూడాలి. వీడియోలో కదిలే మనిషిని వెంటాడే ఫోకస్ కావాలంటే ఆ రెంటిలోనూ 200డీ మార్క్ 2 ముందుంటుంది.

"కానన్‌లో చర్మం రంగు బాగా వస్తుంది" అనే మాట అందరి నోటా ఉంటుంది. కెమెరా నేరుగా ఇచ్చే జేపెగ్‌లో కొంత నిజమే. కానీ మండపం చుట్టూ గులాబీ, ఊదా రంగు ఎల్ఈడీలు వెలుగుతుంటే ఏ కంపెనీ రంగూ నిలబడదు. వైట్ బ్యాలెన్స్ సరిచేసుకోవడం, రా ఫైలులో తీయడం నేర్చుకున్నవాడి చేతిలో ఆ తేడా దాదాపు కనిపించదు.

బ్రాండు ఎంపికలో నేను ఎక్కువ విలువ ఇచ్చే సంగతి ఇంకొకటుంది. మీ స్నేహితుల దగ్గర, మీరు పని నేర్చుకునే స్టూడియోలో ఏ కెమెరా ఉంది? కానన్ లెన్సు నికాన్‌కు ఎక్కదు, నికాన్‌ది కానన్‌కు ఎక్కదు. పక్కవాడి దగ్గర 55-250 జూమ్ లెన్సు ఉంటే ఆదివారం అడిగి తెచ్చుకోవచ్చు. నచ్చకపోతే కొనకుండా బయటపడొచ్చు. మన వైపు చిన్న ఊళ్లలో ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని మించిన లెన్సుల లైబ్రరీ లేదు. పెంటాక్స్ లాంటివి మంచి కెమెరాలే అయినా, ఆ దారిలో వెళితే అరువుకు లెన్సు ఇచ్చే మనిషి దొరకడు.

తలంబ్రాలు పోస్తున్నారు.. మీ చేతిలో ఏముంది?

పెట్టెలో వచ్చే 18-55 కిట్ లెన్సును తీసిపారేయకండి. గ్రూపు ఫొటోకు, ఇంటికి, ముగ్గుకు, భట్టిప్రోలు స్తూపానికి అది చాలు. పావు మీటరు దూరం దాకా దగ్గరకు వెళ్లి ఫోకస్ చేస్తుంది కాబట్టి వరి ఆకు మీద అగ్గితెగులు మచ్చను చూపించడానికి కూడా వేరే మాక్రో లెన్సు అక్కర్లేదు. దాని ఇబ్బంది అంతా రాత్రి పెళ్లిలో బయటపడుతుంది.

పూర్తిగా జూమ్ చేసి 55 దగ్గర పెట్టగానే ఆ లెన్సు ఎఫ్/5.6 కన్నా ఎక్కువ తెరుచుకోదు. ఓ మోస్తరు ఫంక్షన్ హాలు వెలుతురులో, ఐఎస్ఓ 3200 పెట్టినా, షట్టర్ సెకనులో 30వ వంతుకు పడిపోయిందనుకుందాం. వధువు తల మీద అడుగు ఎత్తు నుంచి జారే తలంబ్రాల గింజ తలను తాకేసరికి సెకనుకు దాదాపు రెండున్నర మీటర్ల వేగం అందుకుంటుంది. సెకనులో 30వ వంతులో అది 8 సెంటీమీటర్లు కదులుతుంది. ఫొటోలో గింజ ఉండదు, పసుపు గీత ఉంటుంది. లెన్సు మీద ఐఎస్ అనో వీఆర్ అనో రాసి ఉందిగా అంటారు. అది మీ చెయ్యి వణుకును ఆపుతుంది, పెళ్లికూతురి చేతిని ఆపలేదు.

అదే చోట, అదే వెలుతురులో, ఎఫ్/1.8 లెన్సు పెట్టండి. దాదాపు పది రెట్ల వెలుతురు లోపలికి వస్తుంది. షట్టర్ సెకనులో 300వ వంతుకు చేరుతుంది. గింజ కదిలేది 8 మిల్లీమీటర్లే. పెళ్లికూతురి నవ్వు, పెళ్లికొడుకు మూసుకున్న కళ్లు, గాల్లో ఆగిన తలంబ్రాలు మూడూ దక్కుతాయి. ఇంత తేడా తెచ్చే కానన్ 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎం ధర కొత్త కిట్ కెమెరా ధరలో సుమారు నాలుగో వంతు. బాడీ మార్చి ఇంత తేడా తేవాలంటే లక్షలు కావాలి.

అందరూ "ఫిఫ్టీ" అని ముద్దుగా పిలిచే ఈ లెన్సుకూ ఒక పేచీ ఉంది. చిన్న సెన్సారు వల్ల అది కానన్ మీద 80 ఎంఎం చూపునిస్తుంది. అయిదు మీటర్ల వెడల్పున నిలబడ్డ పదిమంది చుట్టాలను ఒకే ఫ్రేములో పట్టాలంటే మీరు పదకొండు మీటర్లు వెనక్కి వెళ్లాలి. మన హాళ్లలో అంత వెనక్కి వెళితే భోజనాల బల్లల మధ్య తేలుతారు. ఇంట్లో జరిగే పెళ్లయితే గోడ అడ్డం. అదే కానన్ 24 ఎంఎం ఎఫ్/2.8తో అయిదున్నర మీటర్లు చాలు, నికాన్ 35 ఎంఎం ఎఫ్/1.8జీతో ఏడున్నర. నన్నడిగితే నికాన్ వాళ్లకు తొలి ప్రైమ్ (జూమ్ లేని) లెన్సు ఈ 35 అవ్వాలి, 50 కాదు. దాని చూపు మన కంటి చూపుకు దగ్గరగా ఉంటుంది, ఇరుకు గదిలోనూ ఊపిరి ఆడుతుంది. కానన్‌లో ఇంత చౌకగా, ఇంత వెడల్పుగా, ఎఫ్/1.8 దొరకదు. ఈ విషయంలో నికాన్‌ది పైచేయి.

ఎఫ్/1.8 అంటే వెనకంతా బ్లర్ అయిపోవాలని కొత్తవాళ్ల ఆశ. మూడు మీటర్ల దూరంలో ఫిఫ్టీని పూర్తిగా తెరిస్తే స్పష్టంగా ఉండే మందం జానెడుకు కాస్త ఎక్కువ, అంతే. పెళ్లికూతురి కళ్లు స్పష్టంగా ఉంటాయి, అర అడుగు వెనక కూర్చున్న పెళ్లికొడుకు మసకబారతాడు. జంటను తీసేటప్పుడు ఎఫ్/2.8కు దించండి.

వెలుతురు మాటకొస్తే, సినీ నిర్మాత చక్రపాణిది తెనాలే. నాగిరెడ్డితో కలిసి ఆయన నడిపిన విజయా సంస్థ సినిమాల్లో వెన్నెలంటే ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే పేరే ముందు చెబుతారు. 1957లో వచ్చిన "మాయాబజార్" చూసినవారికి వివరించక్కర్లేదు. ఆ వెన్నెల దీపాలను ఎక్కడ పెట్టాలో తెలిసిన మనిషి పని. మన మండపాల్లో దీపాలు మన చేతిలో ఉండవు. వీడియో వాళ్లు పట్టుకున్న లైటు ఎటుందో చూసి, దాని వెనకే నిలబడకుండా ఓ పక్కకు జరిగితే ముఖం మీద వెలుగునీడలు పడతాయి, బొమ్మకు లోతు వస్తుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

ఫ్లాష్ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. కానన్ 1500డీ, 3000డీ, 200డీ మార్క్ 2 కెమెరాల నెత్తి మీద ఫ్లాష్ తగిలించే చోట మధ్యలో ఉండాల్సిన పిన్ను లేదు. పాత మాన్యువల్ ఫ్లాష్‌లు, స్టూడియో లైట్లను వెలిగించే చవక ట్రిగ్గర్లు ఆ పిన్ను మీదే ఆధారపడతాయి. అవి ఈ కెమెరాల మీద వెలగవు. కానన్ కోసం ప్రత్యేకంగా చేసిన ఫ్లాష్, పిన్ను లేకున్నా పనిచేసే కొత్త ట్రిగ్గర్ కొనాల్సిందే. డీ3500కు ఆ పిన్ను ఉంది. స్టూడియోలో చేరి పని నేర్చుకుందామనుకునే కుర్రాడు కొనేముందే ఇది చూసుకోవాలి.

నాటకాలు తీసేవాళ్లకు ఇంకో చిన్న ముక్క. బాపట్లలో పుట్టి, తెనాలి రామవిలాస సభ వేదిక మీద సత్యభామగా వెలిగిన స్థానం నరసింహారావు తిరిగిన నేల ఇది. స్టేజీ మీద ముఖం ఒక్కటే వెలుగులో ఉండి వెనకంతా చీకటి అయితే కెమెరా మొత్తం ఫ్రేమును చూసి మోసపోతుంది, ముఖాన్ని సున్నం కొట్టినట్టు తెల్లగా చేస్తుంది. నికాన్‌లో స్పాట్ మీటరింగ్ ఉంది, ముఖం మీదే కొలత తీసుకోవచ్చు. 1500డీలో స్పాట్ లేదు, కాస్త పెద్ద వలయాన్ని కొలిచే పార్షియల్ ఉంది. దాంతోపాటు ఎక్స్‌పోజర్‌ను ఒక మెట్టు తగ్గించుకుంటే పని జరుగుతుంది.

రేపల్లె రైలు దిగితే లెక్క మారుతుంది

తెనాలి నుంచి వేమూరు, భట్టిప్రోలు మీదుగా వెళ్లే రైలు మార్గం రేపల్లెలో ఆగిపోతుంది. అక్కడి నుంచి పొలాలు, కాలవలు, కృష్ణ ఒడ్డు, నిజాంపట్నం వైపు మడ అడవులు. ఇక్కడ ఫిఫ్టీతో పని తక్కువ.

దమ్ము చేసే ట్రాక్టర్ వెనక కొంగలు బారులు తీరతాయి. రెండడుగుల కొంగ ముప్ఫై మీటర్ల దూరంలో ఉంటే కిట్ లెన్సు 55 దగ్గర దాని ఎత్తు ఫ్రేములో పదమూడో వంతు కూడా ఉండదు. తెల్ల చుక్క అన్నమాట. 250 ఎంఎంతో మూడో వంతు అవుతుంది. 300తో ఇంకాస్త పెద్దది. ఇక్కడే నికాన్ 70-300 ఏఎఫ్-పీ తన సత్తా చూపిస్తుంది. చిన్న సెన్సారు మీద అది 450 ఎంఎం దాకా చూపునిస్తుంది, ఫోకస్ చప్పుడు చేయకుండా చకచకా పడుతుంది. సెకనుకు 5 ఫ్రేములు కూడా ఎగిరే పిట్టకు అక్కరకొస్తాయి. పిట్టల పంతులుగారికి నా ఓటు నికానే.

మండపంలో మనల్ని ఏడిపించిన ఎఫ్/5.6 పొలంలో అడ్డం రాదు. ఎర్రటి ఎండలో ఐఎస్ఓ 400 దగ్గరే షట్టర్ సెకనులో 3000వ వంతు దాటుతుంది. తెల్లవారుజామున మంచు విడుస్తున్న వేళ వెలుతురు ఎన్నో రెట్లు తగ్గినా ఐఎస్ఓ 800కో 1600కో పెంచితే వెయ్యో వంతు దొరుకుతుంది. ఎగిరే కొంగ రెక్క నిలబడటానికి అది చాలు. అందుకే ఖరీదైన ఎఫ్/2.8 పెద్ద లెన్సుల కోసం అప్పు చేయొద్దని గట్టిగా చెబుతున్నాను.

అయితే ఈ లెన్సుల పేర్లలో కవలలు ఉన్నాయి, అక్కడే మోసపోతారు. నికాన్ 70-300 ఏఎఫ్-పీ డీఎక్స్ రెండు రకాలు. ఒకదానికి వీఆర్ ఉంది, ఇంకోదానికి లేదు. చూడటానికి రెండూ ఒకటే. వీఆర్ మీట కూడా లెన్సు మీద ఉండదు, కెమెరా మెనూలో ఉంటుంది. పేరులో వీఆర్ అనే అక్షరాలు ఉన్నాయో లేదో లెన్సు మీదే చదివి చూడాలి. కానన్‌లో 55-250 ఐఎస్‌కూ, ఐఎస్ లేని పాత 75-300కూ ఇలాగే గల్లంతవుతారు. అంకె పెద్దదని 75-300 తీసుకున్నవాళ్లు చెయ్యి కదిలిన ఫొటోలతో తిరిగొస్తారు. కానన్ కిట్ లెన్సులోనూ 18-55 ఐఎస్ 2 వేరు, ఐఎస్ లేని 18-55 3 వేరు.

ఇంకో గొయ్యి నికాన్ దారిలో ఉంది. డీ3500లోనూ డీ5600లోనూ ఫోకస్ తిప్పే మోటారు బాడీలో ఉండదు, లెన్సులోనే ఉండాలి. పేరు ముందు ఏఎఫ్-ఎస్ అనో ఏఎఫ్-పీ అనో ఉంటే సరే. చవగ్గా వస్తుందని 50 ఎంఎం ఎఫ్/1.8డీ కొనుక్కొస్తే చేత్తో తిప్పి ఫోకస్ చేసుకోవాలి, తలంబ్రాల సమయానికి అది కుదిరే పని కాదు. నాన్నగారి కాలం నాటి నికాన్ ఫిల్మ్ కెమెరా లెన్సు ఇంట్లో ఉందంటారా? 1959 నాటి మౌంటు కాబట్టి చాలావరకు పడుతుంది గానీ కెమెరా వెలుతురు కొలవదు. కానన్ వాళ్లకు ఈ తలనొప్పి లేదు. 1987లో మొదలైన ఈఎఫ్ లెన్సులన్నీ ఏ ఈఓఎస్ డీఎస్ఎల్ఆర్ మీదైనా ఫోకస్ చేస్తాయి. పాత లెన్సుల బజారులో వెతుక్కునేవాడికి కానన్ సుఖం.

ఉప్పు గాలి, బూజు

బాపట్లకు సుమారు 9 కిలోమీటర్ల దూరంలో సూర్యలంక. చలికాలంలో సముద్రం మీద పొద్దు పొడవడం చూడటానికి గుంటూరు నుంచీ వస్తారు. అక్కడ వైమానిక దళ స్థావరం ఉంది, ఆ వైపు కెమెరా తిప్పకండి.

అలల దగ్గర కెమెరాకు ఏ బ్రాండూ రక్ష కాదు. ఈ ధరలో వచ్చే బాడీకీ లెన్సుకూ నీరు, దుమ్ము రాకుండా రబ్బరు సీళ్లు ఉండవు. ఒడ్డున లెన్సు మార్చకండి. ఏది తీస్తారో ఇంట్లోనే అనుకుని అదే తగిలించుకు వెళ్లండి, ముందో యూవీ ఫిల్టర్ పెట్టండి. తిరిగొచ్చాక మంచినీళ్లతో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో బయట తుడిచి, పొడి గుడ్డతో మళ్లీ తుడవాలి. ఉప్పు అలాగే వదిలేస్తే మీటల సందుల్లో గట్టిపడుతుంది.

అంతకన్నా పెద్ద శత్రువు ఇంట్లోనే పెరుగుతుంది. మన తీరంలో వానాకాలం మొదలు తుపాన్ల కాలం దాకా గాలి తడిగానే ఉంటుంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. అలాంటి రోజుల్లో లెన్సును తోలు కవరులో పెట్టి బీరువా అడుగున దాచితే గాజు లోపల బూజు పడుతుంది. సాలెగూడు దారాల్లా పాకి, గాజు పూతను తినేస్తుంది. తర్వాత శుభ్రం చేయించినా మచ్చ పోదు. గట్టిగా మూత పడే ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు, తేమ చూపే చిన్న మీటరు పెట్టుకోండి. మీటరులో తేమ 40, 50 శాతం మధ్య ఉండాలి. 60 దాటితే జెల్ మార్చండి లేదా వేడిచేసి ఆరబెట్టండి. బియ్యంలో పెట్టడం మాత్రం వద్దు, ఆ పిండి దుమ్ము లెన్సు వలయాల్లోకి పోతుంది. వారానికోసారి కెమెరా బయటికి తీసి నాలుగు ఫొటోలు తీయడం కూడా మంచి మందే.

పాతది కొనేవాళ్లకు

డీ3500 తయారీని నికాన్ ఎప్పుడో ఆపేసింది. దాని మీద మనసు పడితే వాడినదే దిక్కు. అసలు డీఎస్ఎల్ఆర్‌ల కాలమే వెనకబడుతోంది. 1డీఎక్స్ మార్క్ 3 తమ చివరి అగ్రశ్రేణి డీఎస్ఎల్ఆర్ అవుతుందని కానన్ అధినేత ఫుజియో మితరాయ్ 2021 చివర్లోనే చెప్పేశారు. రెండు కంపెనీల దృష్టీ ఇప్పుడు మిర్రర్‌లెస్ మీదే. కాబట్టి కొత్త డీఎస్ఎల్ఆర్ కోసం అప్పు చేయడం నాకు నచ్చదు. పదిలంగా వాడిన పాతది సగం ధరకు దొరికితే మాత్రం వదలొద్దు, ఫొటో నేర్చుకోవడానికి అంతకన్నా మంచి బేరం ఇవాళ లేదు.

లెన్సు మీద పెట్టిన డబ్బు వృథా కాదు. రేపు కానన్ ఆర్50 లాంటి మిర్రర్‌లెస్‌కు మారినా అడాప్టర్ తగిలిస్తే ఫిఫ్టీ, 55-250 ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి. నికాన్ జెడ్ కెమెరాలకూ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పీ లెన్సులు అలాగే నడుస్తాయి.

వాడిన నికాన్ బాడీ అయితే అమ్మేవాడి ముందే ఒక జేపెగ్ ఫొటో తీసి ఫైలు తెచ్చుకోండి. ఎన్నిసార్లు షట్టర్ కొట్టిందో అందులోనే నమోదై ఉంటుంది, ఉచిత వెబ్‌సైట్లు చదివిపెడతాయి. కానన్‌లో అలా ఉండదు, కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి సాఫ్ట్‌వేర్‌తో చూడాలి. లక్ష దగ్గర పడినదైతే ధర బాగా తగ్గించి అడగండి. ఎఫ్/16 పెట్టి తెల్ల గోడను తీసి చూస్తే సెన్సారు మీద దుమ్ము మచ్చలు బయటపడతాయి. లెన్సును విప్పి, వెనక నుంచి ఫోన్ టార్చి వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడండి. దుమ్ము కణాలు నాలుగుంటే పర్వాలేదు, దారాల్లాంటి బూజు కనిపిస్తే ఎంత తగ్గించినా వద్దు. తీరం ఊళ్లలో కొనేటప్పుడు ఈ టార్చి పరీక్ష తప్పనిసరి. అసలు బిల్లు అడిగి, దాని మీది సీరియల్ నంబరు కెమెరా అడుగున ఉన్న నంబరుతో కలుస్తోందో లేదో చూశాకే డబ్బు ఇవ్వండి.